వేడెక్కాకే జారే మూడో గేరు: ఆటోమేటిక్ సెడాన్‌తో నా అనుభవం

బండి ఏడేళ్ల పెట్రోలు సెడాన్. 82 వేల కిలోమీటర్లు తిరిగింది. గేర్‌బాక్స్ ఆరు గేర్ల టార్క్ కన్వర్టర్ రకం (ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్లకి చేర్చేది), అందులో ఆయిల్ ఒక్కసారి కూడా మార్చలేదు. పొద్దున ఉప్పల్‌లో తీస్తే ఏ లోపమూ కనిపించదు. తార్నాక, సికింద్రాబాద్ దాటి బేగంపేట ట్రాఫిక్‌లో నలభై నిమిషాలు పాకాక మొదలవుతుంది. రెండు నుంచి మూడో గేరుకి మారేటప్పుడు ఇంజిన్ ఆర్‌పీఎం ఒక్కసారి పైకి లేస్తుంది, బండి ముందుకు లాగదు, ఆ తర్వాత గేరు దబ్బున పడుతుంది. ఇంటికొచ్చి రివర్సు వేస్తే రెండున్నర సెకన్లదాకా కదలిక ఉండదు. మే నెలలో ఒకరోజు పంజాగుట్ట దగ్గర చెక్ ఇంజిన్ లైటు వెలిగి, బండి ఒకే గేరులో ఉండిపోయింది. దీన్ని లింప్ మోడ్ అంటారు. గేర్‌బాక్స్ కంప్యూటర్‌కి అనుమానం రాగానే సొలినాయిడ్లకి (గేర్లు మార్చే ఆయిల్ ఒత్తిడిని నడిపే కరెంటు వాల్వులకి) కరెంటు ఆపేసి, ఇల్లు చేరడానికి ఒక్క గేరు, మామూలుగా మూడోదే, మిగులుస్తుంది. పక్కకి ఆపి పది నిమిషాలు ఇంజిన్ ఆర్పేసి మళ్లీ తీస్తే గేర్లన్నీ తిరిగొచ్చాయి. గేర్లు వచ్చాయి కదా అని అలాగే నెలల తరబడి తిప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. జారిన ప్రతిసారీ క్లచ్ ప్లేట్ల పొర కొంత కాలుతుంది. అది తిరిగి రాదు.

సర్వీస్ సెంటర్లో చూపిస్తే గంటలో అంచనా కాగితం చేతికొచ్చింది. "సార్, గేర్‌బాక్స్ అసెంబ్లీ మార్చాలి" అన్నారు. ఖర్చు రెండు లక్షల పైన. ఏ పరీక్ష చేశారు, ఏ కోడ్ వచ్చింది, ఆయిల్ ఏ రంగులో ఉంది అన్న మూడు సంగతుల్లో ఒక్కటీ ఆ కాగితంలో లేదు. అందుకే సంతకం పెట్టలేదు. చివరికి పోయింది ఒక సొలినాయిడ్. ఆయిల్ కూడా కలిపి ముప్ఫై వేల లోపు తేలింది. మెకానిక్‌తో కలిసి అక్కడికి ఎలా చేరామో ఆ వరుసలోనే రాస్తున్నాను. ఎందుకంటే ఏ పరీక్ష ముందు, ఏది వెనక అన్నదాంట్లోనే డబ్బు పోవడమా మిగలడమా ఉంది.

ముందుగా మీ బండిలో ఉన్నది ఏ రకమో తేల్చుకోండి. లివర్ దగ్గర పి అన్న అక్షరం లేకుండా ఆర్, ఎన్, డి మాత్రమే ఉంటే అది చాలావరకు ఏఎంటీ. మామూలు మాన్యువల్ గేర్‌బాక్స్‌కి క్లచ్ నొక్కే యంత్రం తగిలించినది. దానికి కింద రాసినవేవీ వర్తించవు, అక్కడ క్లచ్ అరుగుదల, యాక్చుయేటర్ చూడాలి. సీవీటీలో గేర్లే ఉండవు, బెల్టూ పుల్లీలూ ఉంటాయి, దాని ఆయిల్ పూర్తిగా వేరు. రెండు క్లచ్‌లుండే డీసీటీలో డ్రై క్లచ్ (ఆయిల్‌లో మునగని) రకానికి ట్రాఫిక్ వేడి కష్టాలు వేరే రకం. ఇక్కడ రాసేది టార్క్ కన్వర్టర్ గేర్‌బాక్స్ గురించే.

గేర్‌బాక్స్ జోలికి వెళ్లేముందు బ్యాటరీ చూశాం. హైదరాబాద్ ఎండలకి బ్యాటరీలు త్వరగా చస్తాయి, వోల్టేజీ పడిపోతే గేర్‌బాక్స్ కంప్యూటర్ పిచ్చి కోడ్లు వేస్తుంది. రాత్రంతా ఆగిన బండికి 12.6 వోల్టులు ఉండాలి, సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కిందికి దిగకూడదు, ఇంజిన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.5 మధ్య చూపాలి. గేర్‌బాక్స్ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ తీగ రెండు చివర్లా మీటరు పెట్టి సెల్ఫ్ కొడితే తేడా 0.2 వోల్టులు దాటకూడదు. మౌంట్లు (ఇంజిన్‌ని, గేర్‌బాక్స్‌ని బాడీకి పట్టి ఉంచే రబ్బరు దిమ్మలు) కూడా అప్పుడే చూడాలి. చిరిగిన మౌంట్ వల్ల డి వేయగానే దడ్‌మని వచ్చే దెబ్బని గేర్‌బాక్స్ జబ్బుగా లెక్కేసిన కేసులు తక్కువేమీ కాదు. బ్రేకు నొక్కి పట్టి డి, ఆర్ మార్చి మార్చి వేస్తూ, బానెట్ ఎత్తి ఇంజిన్ ఎంత ఊగుతోందో ఇంకొకరిని చూడమంటే చాలు. మా బండిలో ఇవన్నీ బాగానే ఉన్నాయి.

తర్వాత స్కానింగ్. ఇక్కడ చాలామంది పొరబడతారు. ఫోనుకి కలిపే చవక బ్లూటూత్ స్కానర్లలో ఎక్కువభాగం ఇంజిన్ కంప్యూటర్ వరకే చదువుతాయి. వాటిలో పీ 0700 అని కనబడుతుంది. దాని అర్థం గేర్‌బాక్స్ పాడైందని కాదు, గేర్‌బాక్స్ కంప్యూటర్ ఏదో చెప్పాలనుకుంటోంది, వెళ్లి అడగమని. అసలు మాట వినాలంటే టీసీఎం, అంటే ఆ గేర్‌బాక్స్ కంప్యూటర్, లోపలికి వెళ్లగల స్కానర్ కావాలి. అందులో మాకు పీ 0733 వచ్చింది. మూడో గేరు నిష్పత్తి (గేర్‌బాక్స్‌లోకి వచ్చే ఇన్‌పుట్ వేగానికీ బయటికి వెళ్లే అవుట్‌పుట్ వేగానికీ ఉండాల్సిన లెక్క) తప్పిందని దాని భావం. పీ 0731 నుంచి 0735 వరకు ఒకటో గేరు నుంచి అయిదో గేరు దాకా, 0736 రివర్సుకి, 0729 ఆరో గేరుకి. పీ 0717 అయితే ఇన్‌పుట్ స్పీడ్ సెన్సార్ సిగ్నల్ లేదని, 0722 అయితే అవుట్‌పుట్ సెన్సార్‌ది, 0705 లివర్ స్థానం చెప్పే స్విచ్చుది, 0741 కన్వర్టర్ జారకుండా లోపల పట్టేసే లాకప్‌ది. 0741 మినహా మిగతా మూడూ సెన్సార్‌తోనో తీగతోనో తీరిపోవచ్చు. నిష్పత్తి కోడ్ వచ్చిందంటే మాత్రం ఏదో నిజంగా జారుతోంది, లేదంటే స్పీడ్ సెన్సార్ అబద్ధం చెబుతోంది.

ఏది నిజమో లైవ్ డేటా (బండి నడుస్తుండగా స్కానర్ చూపే అంకెలు) చెబుతుంది. ల్యాప్‌టాప్ పట్టుకుని మెకానిక్ పక్క సీట్లో కూర్చుంటే, జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు ఎత్తు మీదకి రెండుసార్లు ఎక్కించాం. ఈ గేర్‌బాక్స్‌లో మూడో గేరు నిష్పత్తి 1.83. అవుట్‌పుట్ వెయ్యి ఉంటే ఇన్‌పుట్ 1,830 దగ్గర ఉండాలి. ఆయిల్ 60 డిగ్రీలప్పుడు లెక్క సరిపోయింది. 95 డిగ్రీలు దాటాక అదే ఎత్తు మీద ఇన్‌పుట్ 2,300 చూపించింది. అంటే దాదాపు 470 ఆర్‌పీఎం గాల్లో పోతోంది. రెండో గేరులో, నాలుగో గేరులో లెక్క ఎంత వేడిలోనూ తప్పలేదు. సెన్సార్ చెడితే అన్ని గేర్లలోనూ తప్పు చూపించాలి కాబట్టి సెన్సార్ మీద అనుమానం అక్కడితో పోయింది.

ఇప్పుడు గేర్‌బాక్స్ లోపలి పట్టిక కావాలి. ఏ గేరుకి లోపలున్న ఏ క్లచ్, ఏ బ్రేకు పట్టుకుంటుందో చూపే ఆ పట్టిక ప్రతి వర్క్‌షాప్ మాన్యువల్లోనూ ఉంటుంది. ఈ రకంలో మూడో గేరుకి, అయిదో గేరుకి, రివర్సుకి పనిచేసేది ఒకే క్లచ్. మా బండిలో మూడో గేరు జారుతోంది, రివర్సు ఆలస్యంగా పడుతోంది, అయిదో గేరుకి మారేటప్పుడు కూడా చిన్న తడబాటు డేటాలో దొరికింది. మూడూ ఒకే చోటికి వేలు చూపించాయి. ఈ పట్టిక చూడకుండా గేర్‌బాక్స్ విప్పుదామనే వాళ్ల చేతికి బండి ఇవ్వకపోవడం మంచిదని నా గట్టి అభిప్రాయం.

ఆ క్లచ్‌కి సంబంధించి చెడగలిగినవి మూడు: ప్లేట్లు, వాటిని నొక్కే పిస్టన్ సీళ్లు, ఒత్తిడి పంపే సొలినాయిడ్ లేదా అది కూర్చున్న వాల్వ్ బాడీ (ఆయిల్ దారులూ వాల్వులూ ఉండే దిమ్మ). మొదటి రెండింటికీ గేర్‌బాక్స్ దించాలి. మూడోదానికి అక్కర్లేదు. అందుకే స్టాల్ టెస్ట్ చేశాం. హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకి అడ్డు పెట్టి, ఎడమ కాలితో బ్రేకు పూర్తిగా తొక్కి పట్టి, గేరు వేసి, కుడి కాలితో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కాలి. ఆర్‌పీఎం ఎక్కడ ఆగిందో చూసుకుని వదిలేయాలి. అయిదు సెకన్లు మించకూడదు, ఒక్కో పరీక్షకీ మధ్య న్యూట్రల్‌లో కనీసం రెండు నిమిషాలు ఇంజిన్ నడవనివ్వాలి. కన్వర్టర్లో ఆయిల్ ఆ కాసేపట్లోనే భగ్గుమంటుంది. ఎదురుగా మనిషిని నిలబెట్టి ఈ పరీక్ష ఎప్పుడూ చేయకూడదు. మాన్యువల్లో ఇచ్చిన సంఖ్య కంటే ఆర్‌పీఎం ఎక్కువ లేస్తే లోపల క్లచ్ జారుతోందని, బాగా తక్కువైతే ఇంజిన్‌లో బలం లేదని లేదా కన్వర్టర్లో స్టేటర్ (ఆయిల్‌ని మళ్లించే రెక్కల చక్రం) చెడిందని అర్థం. మాకు డిలోనూ, ఆర్‌లోనూ సరైన చోటే ఆగింది. రివర్సు ఆలస్యంగా పడినా, పడ్డాక పూర్తి బలానికి జారలేదు. రివర్సులో లైన్ ప్రెషర్ (పంపు ఇచ్చే ఆయిల్ ఒత్తిడి) ఎక్కువగా ఉంటుంది. ఆ ఒత్తిడికి పట్టు నిలిచిందంటే ప్లేట్లలో ఇంకా పదార్థం ఉంది.

మిగిలింది సీలా, సొలినాయిడా అన్నది. దీనికి మెకానిక్ చెప్పిన గుర్తు ఇది: "అన్నా, సీలు గట్టిపడితే పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఏడిపిస్తది, వేడెక్కితే సర్దుకుంటది. వాల్వు అరిగితే వేడి మీదనే ఏడిపిస్తది." కారణం సులువే. చల్లని సీలు బిగుసుకుని అంచు సరిగా ఆనదు, వేడికి మెత్తబడి ఆనుతుంది. అరిగిన వాల్వు సందు చిక్కటి ఆయిల్‌ని ఆపగలదు, వేడికి పలచబడిన ఆయిల్‌ని ఆపలేదు. న్యూట్రల్ నుంచి డి పడటానికి 1.2 సెకన్లు, రివర్సుకి 1.5 సెకన్లు దాటకూడదని ఒక లెక్క ఉంది. చల్లగా ఉన్నప్పుడు మా బండికి రెండూ ఆ లోపే. వేడిలో డి మామూలే, రివర్సు మాత్రం 2.5. కాబట్టి మొదట విప్పాల్సింది వాల్వ్ బాడీ మూత.

ఆయిల్ సంగతి కాస్త వివరంగా రాయాలి, తప్పులన్నీ ఇక్కడే జరుగుతాయి. కొత్త ఆయిల్ ఎర్రగా ఉంటుంది. గోధుమ రంగైతే పాతబడింది. నల్లగా, కాలిన వాసనతో ఉంటే ప్లేట్లు మాడాయి. గులాబీ రంగు పాలలా కనిపిస్తే నీళ్లు గానీ కూలెంట్ గానీ కలిసింది. 2020 అక్టోబరు వరదలప్పుడు సెల్లార్లలో మునిగిన బండ్లని తలచుకోండి. గేర్‌బాక్స్‌కి ఊపిరి తీసుకునే చిన్న గొట్టం ఉంటుంది, నీళ్లు అందులోంచి వెళతాయి. నీళ్లు తగిలితే ప్లేట్లకి పొరని అంటించిన జిగురు ఊడుతుంది. అలాంటి బండిని స్టార్ట్ చేయకూడదు, ముందు చక్రాలు నేల మీద ఉంచి లాగకూడదు, ఫ్లాట్‌బెడ్ మీదే తీసుకెళ్లాలి. ఇంజిన్ ఆగి ఉంటే ఆయిల్ పంపు తిరగదు, చక్రాలతోపాటు లోపలి భాగాలు పొడిగా తిరిగి మాడతాయి.

మాది ముదురు గోధుమ రంగు, వాసన స్వల్పం. తెల్ల టిష్యూ మీద చుక్క వేస్తే చుట్టూ పాకింది, మధ్యలో నల్ల గింజలు మిగల్లేదు. ట్రేలో ఆయస్కాంతం తిప్పితే బూడిదరంగు మెత్తటి పేస్టు వచ్చింది. అది మామూలు అరుగుదలే. మెరిసే రేకులు, వేలికి గుచ్చుకునే ముక్కలు వస్తేనే భయపడాలి.

విప్పేముందు బ్యాటరీ తీసి, దాని ట్రే తీసి, డ్రెయిన్ బోల్టు విప్పాం. బయటకొచ్చిన ఆయిల్‌ని కొలిచే పాత్రలో పట్టడం తప్పనిసరి. దాదాపు 3.5 లీటర్లు వచ్చింది. మూత విప్పినప్పుడు ఇంకా కొంత కారింది, అదీ కలుపుకోవాలి. గేర్‌బాక్స్‌లో మొత్తం ఏడు లీటర్ల పైచిలుకు పడుతుంది, మిగతా సగం కన్వర్టర్లో, కూలర్‌లో ఉండిపోతుంది. మూత అంచులకి అంటిన పాత సీలెంట్‌ని ప్లాస్టిక్ పలకతోనే గీకాలి. ఇనుప పలక వాడితే అల్యూమినియం మీద గీత పడి తర్వాత లీకవుతుంది. లోపల గుడ్డ ముక్క కూడా వాడొద్దు, ఒక్క నూలుపోగు చాలు వాల్వు ఇరుక్కోవడానికి.

సొలినాయిడ్లని మీటరుతో చూస్తే ఒత్తిడిని తగ్గించి పెంచే రకం చల్లగా ఉన్నప్పుడు 5 ఓముల దగ్గర చూపాయి. రాగి తీగ నిరోధం డిగ్రీకి 0.39 శాతం చొప్పున పెరుగుతుంది కాబట్టి, 20 డిగ్రీల దగ్గర 5.1 ఉన్నది 80 డిగ్రీలకి 6.3 కావడం సహజం. ఆ పెరుగుదల చూసి చెడిపోయిందనుకోకూడదు. మేం హెయిర్ డ్రయ్యర్‌తో ఒక్కోదాన్నీ వేడిచేస్తూ మీటరు చూశాం. ఆరు మెల్లగా పెరిగాయి. మూడో గేరు క్లచ్‌కి వెళ్లేది మాత్రం ఉన్నట్టుండి పదికి ఎగబాకి, మళ్లీ దిగి, ఊగిసలాడింది. లోపల తీగ అతుకు వేడికి వదులవుతోంది. చల్లగా కొలిచి ఉంటే అది కూడా పాసయ్యేదే. వేడిలో మాత్రమే వచ్చే జబ్బుని వేడిలోనే కొలవాలని ఆ మెకానిక్ పట్టుబట్టడం వల్లే ఇది దొరికింది.

కొత్త సొలినాయిడ్ కోసం పుత్లీబౌలి, రాణిగంజ్ రెండూ తిరిగాం. పాత బండ్ల నుంచి తీసినవి అక్కడ చవకగా దొరుకుతాయి గానీ, సొలినాయిడ్ విషయంలో పాతది కొనడం దండగ. అది కూడా ఇంకో బండిలో అన్నేళ్లు అంతే వేడి తిన్నది. పార్ట్ నంబర్ చూసి కొత్తదే తెప్పించాం. వాల్వ్ బాడీ బోల్టులు చిన్నవి, బిగింపు సుమారు 10 న్యూటన్ మీటర్లే. చేత్తో అంచనాగా బిగిస్తే వాల్వ్ బాడీ వంకరపోతుంది, టార్క్ రెంచ్ లేనివాళ్లు ఆ పని ముట్టకూడదు. సొలినాయిడ్ ఓ రింగులకి కొత్త ఆయిల్ రాసి కూర్చోబెట్టాలి. పాతబడిన కనెక్టర్ల క్లిప్పులు ముట్టుకుంటే విరుగుతాయి, నిదానంగా తీయాలి. డ్రెయిన్ బోల్టుకి కొత్త వాషర్ వేయాలి. ఫిల్టరు ఈ రకంలో లోపలే ఉంటుంది, గేర్‌బాక్స్ విప్పితే తప్ప రాదు. బిల్లులో ఫిల్టరు మార్చామని ఎవరైనా రాస్తే ఎలా మార్చారో అడగండి.

ఆయిల్ రకం మీద రాజీ లేదు. ఎస్‌పీ 3 అడిగే గేర్‌బాక్స్‌లో ఎస్‌పీ 4 పోయడం, అన్ని బండ్లకీ పనికొస్తుందని డబ్బా మీద రాసినది పోయడం, రెండూ తప్పే. ప్లేట్లు ఎంత వేగంగా పట్టుకోవాలో ఆయిల్‌లో కలిపిన రసాయనాలే నిర్ణయిస్తాయి, గేర్‌బాక్స్ కంప్యూటర్ లెక్కలు ఆ ఆయిల్‌ని నమ్ముకుని రాసినవి. జారుడు ఆపుతుందని అమ్మే సీసా మందులు కూడా వద్దు.

లెవెల్ చూడటానికి ఇందులో డిప్‌స్టిక్ లేదు. పోయిన ఆయిల్ ఎంతో అంతకంటే అరలీటరు ఎక్కువ పోసి, బండిని లిఫ్ట్ మీద సమంగా నిలిపి, ఇంజిన్ ఐడిల్‌లో ఉంచి, బ్రేకు పట్టి పి, ఆర్, ఎన్, డి ఒక్కోదాంట్లో కొన్ని సెకన్లు ఆపుతూ రెండుసార్లు తిప్పి, పికి తేవాలి. స్కానర్లో ఆయిల్ 50 నుంచి 60 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు లెవెల్ బోల్టు విప్పాలి. సన్నటి ధారగా కారి, చుక్కలుగా మారగానే బిగించేయాలి. మన మే ఎండలో ఆయిల్ ఇట్టే 60 దాటుతుంది. దాటాక విప్పితే వ్యాకోచించిన ఆయిల్ ఎక్కువ కారిపోయి, చల్లారాక లెవెల్ తక్కువవుతుంది. తక్కువైతే పంపు గాలి పీలుస్తుంది, ఎక్కువైతే గేర్లు చిలికి నురగ లేపుతాయి, రెండింటికీ ఫలితం జారుడే. అందుకే ఈ పని పొద్దున ఏడింటికి పెట్టుకున్నాం.

చివరి అంకం, చాలా షెడ్లలో వదిలేసేది, అడాప్టేషన్ రీసెట్, అంటే కంప్యూటర్ నేర్చుకున్న పాత లెక్కల్ని చెరిపేయడం. పాత సొలినాయిడ్ బలహీనతకి అలవాటుపడి కంప్యూటర్ ఆ క్లచ్‌కి ఒత్తిడి పెంచుతూ వచ్చి ఉంటుంది. రీసెట్ చేయకపోతే కొత్త సొలినాయిడ్‌తో గేరు దభాలున పడుతుంది, పని చెడిందనుకుని మళ్లీ విప్పుతారు. స్కానర్‌తో చెరిపేశాక, ఆయిల్ 40 నుంచి 100 డిగ్రీల మధ్య ఉండగా, బ్రేకు పట్టి ఎన్ నుంచి డి, ఎన్ నుంచి ఆర్ నాలుగేసిసార్లు వేయాలి. తర్వాత యాక్సిలరేటర్ 15 నుంచి 30 శాతం మధ్య స్థిరంగా పట్టి ఆగిన చోటు నుంచి ఆరో గేరు దాకా వెళ్లి, మెల్లగా ఆపాలి. ఇదీ కనీసం నాలుగుసార్లు. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆగడం ప్రమాదం, నిషేధం కూడా. పక్కనే ఉన్న సర్వీస్ రోడ్డు మీద ఆదివారం తెల్లవారుజామున చేశాం. మొదటి రెండుసార్లు మూడో గేరు కొంచెం గట్టిగా పడింది, నాలుగోసారికి తెలియనంత మెత్తబడింది.

ఆయిల్ మొత్తం మార్చడానికి ఫ్లష్ మెషిన్ పెట్టనివ్వలేదు. 82 వేలు ఒకే ఆయిల్‌తో తిరిగిన గేర్‌బాక్స్‌లో ఒక్కసారిగా ఒత్తిడితో కడిగితే అడుగున పేరుకున్న మడ్డి లేచి వాల్వుల్లో చేరే అవకాశం ఉంది. బదులుగా వెయ్యేసి కిలోమీటర్లకి ఒకసారి దించి పోశాం. ప్రతిసారీ సగం మారుతుంది కాబట్టి మొదటిసారికి 50, రెండోసారికి 75, మూడోసారికి 87.5 శాతం కొత్తదవుతుంది. మొత్తం పదకొండు లీటర్లు పట్టింది. రేడియేటర్ రెక్కల్లో దుమ్ము, పురుగులు ఇంజిన్ వైపు నుంచి గాలి కొట్టి తీయించాం. గేర్‌బాక్స్ ఆయిల్ చల్లబడేది ఆ గాలితోనే.

బిల్లు విషయంలో ఒకటి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆటో విడిభాగాల మీద జీఎస్టీ 18 శాతం. పాత అలవాటు కొద్దీ 28 వేసిన కాగితం ఇస్తే సరిచేయమనాలి. తీసిన పాత భాగం అడిగి తెచ్చుకోవాలి. పరీక్షల వివరం లేకుండా అసెంబ్లీ మార్చేసి గొడవకి దిగితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు.

మూడోసారి ఆయిల్ మార్చిన రోజు మళ్లీ అదే దారిలో, మధ్యాహ్నం రెండింటికి, బేగంపేట నుంచి చెక్‌పోస్టు ఎత్తు దాకా స్కానర్ పెట్టుకుని వెళ్లాం. ఆయిల్ 98 డిగ్రీలు. మూడో గేరులో అవుట్‌పుట్ 1,000కి ఇన్‌పుట్ 1,836. రివర్సు 1.1 సెకన్లు. తర్వాతి ఆయిల్ మార్పు 1,40,000 దగ్గర రాసిపెట్టాం. సాధారణ వాడకానికి ఆయిల్ మార్చనక్కర్లేదని మాన్యువల్ అంటుంది గానీ, అదే మాన్యువల్లో కఠినమైన వాడకానికి వేరే పట్టిక ఉంది. ఎండలో, ఆగి ఆగి కదిలే ట్రాఫిక్‌లో రోజూ తిరిగే హైదరాబాద్ బండికి వర్తించేది ఆ రెండోదే.